అవ్వ కూర్చున్న దువ్వెన

మా మిద్దె మీద బాడుగకుండే సింధు ఒక ఆదివారం పొద్దున ఒక దువ్వెన పట్టుకొని మెట్లు దిగి వచ్చింది. ఆ అమ్మాయిది ఖమ్మం. మహదేవపురలో ఏదో కంపెనీలో పని చేస్తుంది. వర్తూరులో నీళ్ళు బాగుంటాయని ఎవరో చెబితే నమ్మి మా ఇంటికి వచ్చింది. నీళ్ళ సంగతి ఆమెకిప్పుడు నాకంటే బాగా తెలుసు. జుట్టు రాలిపోతోందని రోజూ ఒక కొత్త వైద్యం చేస్తూ ఉంటుంది.

"ఆంటీ, మీరు ఇలాంటిదే వాడతారు కదా. ఇది ఒరిజినల్ కొమ్ము దువ్వెనేనా, లేక ప్లాస్టిక్ అంటగట్టారా చూడరూ? ఆన్‌లైన్‌లో తీసుకున్నా. రివ్యూస్ అయితే చాలా బాగున్నాయి."

"రివ్యూలు తల దువ్వవు కదమ్మా, ఇటివ్వు" అన్నాను.

ఈ విషయంలో నాకు సందేహాలుండవు. దువ్వెనను కిటికీ వైపు ఎత్తి పట్టుకున్నాను. అసలు కొమ్ము అయితే వెలుతురులో పొరలు కనిపిస్తాయి. అవి నీళ్ళలో పాలచుక్క పడినట్లు వంకరటింకరగా పోతాయి, ఎక్కడా ఒక్కలాగా ఉండవు. ప్లాస్టిక్ మీద కూడా గీతలు అచ్చు వేస్తారు గానీ అవి బడిపిల్లల వరసలాగా ఉంటాయి. అంచు వెంట గోరు పోనిచ్చాను. అచ్చులో పోసినదైతే రెండు ముక్కలు కలిసిన చోట సన్నని గట్టు తగులుతుంది, ఇక్కడ తగల్లేదు. పండ్ల మొదళ్ళు చూశాను. రంపంతో కోసిన పండ్ల మధ్య సందు లోపల గుండ్రంగా నునుపు చేసి ఉండాలి. చదరంగా, గరుకుగా వదిలేస్తే వెంట్రుక అక్కడే తెగుతుంది. చివరికి చీరకొంగుతో గట్టిగా రుద్ది ముక్కు దగ్గర పెట్టుకున్నాను. వెంట్రుక కాలిన వాసన, చాలా లేతగా. కొమ్మూ వెంట్రుకా గోరూ ఒకే పదార్థమని నేను చదువుకున్నాను, అందుకే ఆ వాసన. ఇంటర్నెట్‌లో ఎవరో సూది కాల్చి గుచ్చి చూడమన్నారట. నిజమా కాదా అని తెలుసుకోవడానికి వస్తువును పాడు చేసే పరీక్ష నాకు నచ్చదు.

"అసలుదే. మంచి దున్నపోతు కొమ్ము. మరి ఇదేమి, పడవలాగా వంగిపోయింది?"

"అదే తెలీట్లేదు ఆంటీ. నేను చాలా జాగ్రత్తగా వాడతా. తలస్నానం చేసినప్పుడల్లా వేడినీళ్ళలో షాంపూ వేసి కడిగి, గీజర్ పక్కన హుక్కుకు తగిలిస్తా."

"ఇంత జాగ్రత్తగా దాన్ని ఎవరూ చంపి ఉండరమ్మా."

సింధు నవ్వింది గానీ కొంచెం నొచ్చుకుంది. అప్పుడు కూర్చోబెట్టి చెప్పాను. కొమ్ము దువ్వెనకు నీళ్ళు పనికిరావు, ఎండ పనికిరాదు. మురికి పడితే పండ్ల మధ్య నూలు పోగు అటూ ఇటూ లాగాలి, పొడిగుడ్డతో తుడవాలి. పదిహేను రోజులకొకసారి నాలుగు చుక్కల నువ్వులనూనె రాసి ఒక పూట గుడ్డలో చుట్టి పెట్టాలి. ఎక్కువ నాళ్ళు వాడకుండా ఉంచితే పురుగు కొరుకుతుంది కాబట్టి ఎండిన వేపాకు తోడుంచాలి. ఆ అమ్మాయి ఇవన్నీ ఫోన్‌లో రాసుకుంది. వంపు ఎట్లా తీయాలో కూడా చెప్పి, నొక్కి పెట్టడానికి నా రెండు చెక్క పలకలు ఇచ్చి పంపాను. నాలుగో రోజుకు దువ్వెన దారికి వచ్చిందని చెప్పింది. అక్కడితో ఆమె పని అయిపోయింది. నాకు మాత్రం ఒక ఎండాకాలమంతా తిరిగి వచ్చి ఇంట్లో కూర్చుంది.

అప్పటి వర్తూరు పల్లెటూరే. చెరువు కింద వరి, గట్టు మీద తోటలు. మాది మల్లెతోట. అమ్మా నాన్నా చీకటితోనే మొగ్గలు కోయడానికి పోతే ఇంట్లో పెత్తనమంతా మా అవ్వది, నాన్నను కన్నతల్లిది. నాన్నకు అక్క అయిన రత్నమ్మత్త కాపురం మా ఇంటికి ఆనుకొని ఉన్న గదిలోనే. రత్నమ్మత్త పెండ్లికూతుళ్ళకు మొగ్గల జడ వేసేది. గుంజూరు, మారతహళ్ళి, చుట్టుపక్కల ఎక్కడ పెండ్లి అయినా మొదట పురోహితుణ్ణి అడిగి, తరువాత మా అత్తను అడిగి ముహూర్తం పెట్టుకునేవాళ్ళని అవ్వ గొప్పగా చెప్పుకునేది. అది కొంచెం అతిశయమే గానీ పూర్తి అబద్ధం కాదు. విరియని మొగ్గలను ఒక్కొక్కటే సూదితో అరటినార పట్టీ మీద కుట్టి, జడ పొడుగునా పాము చర్మం మాదిరి పరిచేది. ఎండాకాలంలో మా ఇల్లంతా తడిగుడ్డ కింద పెట్టిన మల్లెమొగ్గల వాసన, దాని కింద నువ్వులనూనె వాసన, దాని కింద అవ్వ వక్కాకు వాసన. ఈ మూడు వాసనలూ ఒకదాని కింద ఒకటి ఉండేవే గానీ ఎప్పుడూ కలిసేవి కావు.

పెండ్లికూతుళ్ళకు అత్త వాడేది ఎప్పుడూ ఒకటే దువ్వెన. నల్ల దున్న కొమ్ముతో చేసినది, ఒక మూల తేనెరంగు చార ఉండేది. ప్లాస్టిక్ దువ్వెనలు అప్పటికే సంతలో కుప్పలు పోసి అమ్ముతున్నారు. అత్త వాటిని తాకేది కాదు. "ఆ ఎండలో అది తగిల్తే ఎంటికలు లేచి చేతికి అంటుకుంటాయే. మొగ్గలు కుట్టేదెట్ల?" అనేది. అది నిజం. కొమ్ము దువ్వెనతో దువ్వితే జుట్టు అణిగి ఉంటుంది. సంతలో కొత్త కొమ్ము దువ్వెన ఏరితే అత్త ఏరినట్లే. పదింటిని పక్కకు తోసి, పదకొండోదాన్ని దవడ మీద గీసుకొని, కళ్ళు మూసుకొని, ఒక్క పండు గరుకుగా తగిలినా వెనక్కి పెట్టేసేది. అమ్మేవాడు విసుక్కుంటే, "నీకేమప్పా, నువ్వు అమ్మేసి పోతావు. నా చేతి కింద ఆడబిడ్డ తల ఉండాది" అనేది. కొన్నాక కూడా ఒక సంవత్సరం దానికి నూనె తాపాలి, ఇంట్లోవాళ్ళ తలలే దువ్వాలి. ఆ తరువాతే పెండ్లికూతురి తల. మా ఇంట్లో నా తల, అమ్మ తల అట్లా ఎన్నో కొత్త దువ్వెనలకు బడి అయ్యాయి.

నా సంగతి చెప్పాలి. నేను చదివింది కన్నడ బడిలో. తెలుగు అక్షరాలు నాకు ఎవరూ నేర్పలేదు. మారతహళ్ళిలో ప్రభుత్వ గ్రంథాలయం ఒకటి ఉండేది, రెండు గదులది. నాన్న పొద్దున బస్సులో పూలబుట్ట తీసుకొని పోయేటప్పుడు, సెలవు దినాల్లో, నన్ను అక్కడ దింపి పదకొండున్నరకు వచ్చి తీసుకుపోయేవాడు. కన్నడ పుస్తకాలు గోడంతా ఉంటే, తెలుగువి మూలలో రెండు అరలు. కన్నడ అక్షరాలకు తలకట్టు కొంచెం మార్చి చూస్తే తెలుగు అని ఒకరోజు కనిపెట్టాను. ఇంట్లో మాట్లాడే మాటలు కాగితం మీద కనిపిస్తుంటే, తెలియని వీధిలో తెలిసిన మనిషి ఎదురైనట్లు ఉండేది. రెండు నెలల్లో ఒక అర పూర్తి చేశాను. దీనికి నేను ఇప్పటికీ గర్వపడతాను, దాచుకోను. పదో తరగతి తరువాత బడి నన్ను వదిలేసింది గానీ నేను గ్రంథాలయాన్ని వదల్లేదు.

ఆ రెండో అరలో అట్ట ఊడిపోయిన పుస్తకం ఒకటి దొరికింది. మొదటి ఆకులు లేవు కాబట్టి దాని పేరు నాకు ఎప్పటికీ తెలియలేదు. చేతిపనుల గురించి. గొంగళ్ళు, బుట్టలు, సబ్బు, గాజులు, మధ్యలో కొమ్ము దువ్వెనలు. కొమ్ము వేడినీళ్ళలో మెత్తబడుతుందని, మెత్తబడిన కొమ్మును చదును పలకల మధ్య నొక్కి తిన్నగా చేస్తారని అందులో ఉంది. నేను కళ్ళు పెద్దవి చేసుకొని చదువుతుండగా గ్రంథాలయం ఆయన మూసే వేళయిందని గంట కొట్టాడు. పుస్తకం ఇంటికి తెచ్చుకోవాలంటే సభ్యత్వ కాగితం మీద ఇంటి పెద్ద సంతకం కావాలి. నాన్న అవ్వను అడగమనేవాడు, అవ్వ "కండ్లు పోతాయి" అనేది. అందుకని ఆకు మడత పెట్టకుండా పుస్తకం అక్కడే పెట్టి వచ్చేశాను.

అదే వారం అత్త దువ్వెన కాస్త వంగింది. ఎవరో పెండ్లివారింట్లో దాన్ని ఎండలో కిటికీ మీద పెట్టి మరిచారు. పెద్ద వంపు కాదు. కానీ అత్త పాపిడి తీసేది ఆ దువ్వెన చివరి పండుతోనే. "పాపిడి వంకర పోతే పెండ్లికూతురి మొగమే వంకర పోయినట్లు ఉంటాది" అని దిగులుగా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. గురువారం గుంజూరులో పెండ్లి. నాకు లోకంలో మరెవరికీ తెలియని ఒక విషయం తెలుసు. ఇంకేమి కావాలి?

సోమవారం పొద్దున అమ్మా నాన్నా అత్తా తోటలో, అవ్వ పెరట్లో ఉండగా, పొయ్యి మీద అన్నానికి పెట్టిన ఎసరు తెర్లుతోంది. అందులో దువ్వెన వేశాను. పుస్తకంలో చెప్పినట్లే మెత్తబడింది. ఆ మెత్తదనం చేతికి తగిలినప్పుడు కలిగిన సంతోషం నాకిప్పటికీ గుర్తుంది. అచ్చులో చదివిన మాట నా వేళ్ళ మధ్య నిజమైంది. సన్నికల్లు కింద పెట్టి నొక్కాను. ఎంతసేపని పుస్తకంలో నేను చదవలేదు. వందవరకు లెక్కపెట్టి తీశాను. తిన్నగా ఉంది. అత్తకు చూపించాలని గడప దాకా పోయేసరికి, నా చేతిలోనే, మెల్లగా, నిద్ర లేచినట్లు, ముందుకంటే రెండింతలు వంగిపోయింది. నల్లగా మెరిసేది బూడిద రంగుకు తిరిగింది. పండ్లు కొన్ని అటూ కొన్ని ఇటూ చూస్తున్నాయి.

అవ్వ మొదట చూసింది దువ్వెనను కాదు, గిన్నెను.

"అన్నం గిన్నెలో కొమ్మా? ఏమే, నీకు మతి ఉండాదా?"

"పుస్తకంలో ఉంది అవ్వా..."

"పుస్తకంలో ఉండాదా? పుస్తకం పెడతాదా రేపు మీ అత్తకు అన్నం? ఈ పొద్దుతో సరి. ఇంక ఆ లైబ్రరీ గుమ్మం తొక్కితే నా మీద ఆన."

అవ్వ ఆన పెడితే నాన్న కూడా దాటేవాడు కాదు. నాకు దువ్వెన పోయిందన్న బాధకంటే ఆ మాట ఎక్కువ తగిలింది. రెండో అరలో ఇంకా సగం మిగిలి ఉంది. అది నాకు ఇక లేదు. గిన్నెను అవ్వ చింతపండుతో మూడుసార్లు తోమింది, ప్రతిసారీ నా వైపు చూస్తూ.

అత్త తోటనుంచి వచ్చింది. దువ్వెన చేతిలోకి తీసుకొని పండ్లను ఒక్కొక్కటే వేలితో తడిమింది. తిడితే బాగుండు అనిపించింది. తరువాత అడిగింది.

"సరోజా, ఆ పుస్తకంలో ఏముండాదో ఉన్నది ఉన్నట్లు చెప్పు."

చెప్పాను. వేడినీళ్ళు, మెత్తబడడం, పలకల మధ్య నొక్కడం.

"ఆమీట?"

"ఆమీట గంట కొట్టినారు."

అత్త అవ్వ వైపు తిరిగింది. "అమ్మా, దీన్ని చెడగొట్టింది చదువు కాదు. సగం చదువు. మిగతా సగంలో ఏముండాదో చూసొస్తాం. నేనే తోలుకొని పోతా."

"నీ దువ్వెన, నీ కర్మ" అంది అవ్వ. "ఆ సగంలో ఏమీ లేకపోతే నా మాట మాటే."

ఆ రోజు మధ్యాహ్నమంతా నేను భయపడింది దానికే. ఆ సగంలో నిజంగానే ఏమీ లేకపోతే? దువ్వెనలు అయిపోయి గాజులు మొదలైతే?

మంగళవారం పొద్దున అత్త నాన్నతో పాటు బస్సెక్కింది. ఆమె చదువుకోలేదు. గ్రంథాలయం గుమ్మం ముందు, గుడికి వచ్చినట్లు చెప్పులు విడిచింది. లోపల బల్లకు ఎదురుగా కుర్చీ అంచున కూర్చొని, గుడ్డలో చుట్టిన దువ్వెనను ఒడిలో పెట్టుకుంది. పుస్తకం నేను పెట్టిన చోటే ఉంది. నేను గొంతు తగ్గించి చదివాను. పలకల మధ్య పెట్టిన కొమ్మును పూర్తిగా చల్లారేదాకా కదిలించకూడదు. ఒక పగలూ ఒక రాత్రీ అట్లాగే ఉంచాలి. వేడి ఉండగానే తీస్తే కొమ్ము తన పుట్టు వంపుకే తిరిగిపోతుంది. మరిగే నీళ్ళు అక్కరలేదు, మరీ మరిగితే పై పొర చెడుతుంది.

"మళ్ళీ చదువు" అంది అత్త.

మళ్ళీ చదివాను.

"సద్దు మాడబేడి అమ్మా" అన్నాడు గ్రంథాలయం ఆయన, చప్పుడు చేయొద్దని బల్ల మీద వేలితో కొట్టి.

అత్త ఆయన వైపు తిరిగి, తనకు వచ్చిన కన్నడంలో, నెమ్మదిగానే, "స్వామీ, ఈ పిల్ల నాకు వైద్యం చదువుతా ఉండాది, ఒక రవ్వ ఓర్చుకోండి" అని చెప్పింది. ఆయన ఎవరికి జబ్బో అడగలేదు. మూడోసారి నేను కొంచెం గట్టిగానే చదివాను.

"నూనె గురించి ఏమి రాసినాడు?"

వెతికాను. నూనె మాట ఎక్కడా లేదు.

"అయితే ఆయనకు కోయడం తెలుసు, కాపాడడం తెలీదు" అంది అత్త. "ఎండిపోయిన కొమ్మును ముందు నూనెలో నానబెట్టాల. లేకుంటే పలక కింద పగులుతాది." అచ్చువేసిన పుస్తకంలో లేనిది ఒకటి మా అత్తకు తెలుసునని ఆ పూట మొదటిసారి నాకు తోచింది. పుస్తకం మీద గౌరవం తగ్గలేదు గానీ, చదివేటప్పుడు ఇక్కడ ఏమి వదిలేశాడు అని చూసే అలవాటు నాకు అప్పుడే పట్టుకుంది.

ఇంటికి వచ్చి దువ్వెనను గోరువెచ్చని నువ్వులనూనెలో సాయంత్రం దాకా ఉంచాం. తరువాత చెయ్యి ఒక్క క్షణం ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళు, ఈసారి అన్నం గిన్నెలో కాదు, స్నానాల బొక్కెనలో. రెండు పీటల మధ్య దువ్వెన పెట్టింది అత్త. పైన సన్నికల్లు పెడితే ఒక పక్కకు ఒరిగింది. పొత్రం పెడితే దొర్లింది. కొమ్ము చల్లారితే గట్టిపడిపోతుందని అత్త కంగారు పడుతుంటే, వక్క కత్తిరిస్తున్న అవ్వ లేచి వచ్చింది.

"జరగండి" అని, పైపీట మీద తానే కూర్చుంది.

మా అవ్వ మంచి బరువైన మనిషి. మొగ్గల బుట్ట ముందుకు లాక్కొని, వాటిని ఏరుతూ అట్లాగే కూర్చుంది. దీపాలు పెట్టే వేళకు నేను దగ్గరికి పోయి, "చల్లారిందేమో అవ్వా" అన్నాను.

"చల్లారిందా లేదా కింద నాకు తెలుస్తా ఉండాది. పో అవతలికి."

అన్నం కూడా అక్కడే తింది. పడుకునే ముందు, లేచి, సగం నిండిన వడ్ల మూటను ఆ పీట మీదికి నాన్నతో ఎత్తించి, అది సరిగ్గా కూర్చునేదాకా పక్కన నిలబడి చూసింది. బుధవారం సాయంత్రం తీశారు. ఒక పండు విరిగింది. కొంచెం వంపు, చూపు తెలిసినవాళ్ళకు తప్ప తెలియనిది, మిగిలింది. బూడిద రంగు నూనె రుద్దగా రుద్దగా పోయింది. అత్త నన్ను ముందు కూర్చోబెట్టి పాపిడి తీసింది. అద్దం ఇవ్వలేదు. అవ్వను పిలిచి చూడమంది. అవ్వ నా తల చుట్టూ తిరిగి చూసి, "దారంటిది" అంది. అంటే దారం పట్టినట్లు తిన్నగా ఉందని. గుంజూరు పెండ్లికూతురి పాపిడి కూడా అట్లాగే వచ్చిందట.

ఈ రోజుల్లో నేను మారతహళ్ళి వైపు పోతే ఆ రెండు గదులు ఎక్కడ ఉండేవో కూడా గుర్తుపట్టలేను. బస్సు ఒక సిగ్నల్ దాటే లోపల ఒక కథ చదివేయవచ్చు. సింధు ఫోన్‌లో కొమ్ము దువ్వెన గురించి అడిగితే క్షణంలో వంద మంది చెబుతారు, సగం మంది నీళ్ళలో కడగమంటారు. గంట కొట్టి లేపేవాళ్ళు లేరు. పాత రోజులే మంచివని నేను అనను. నీళ్ళు మోసిన చేతులు ఆ మాట అనవు. చదవడానికి ఇప్పుడున్నంత ఉంటే నేను అప్పుడు ఎంత చదివేదాన్నో. కానీ చదివింది తప్పా ఒప్పా అని బరువు పెట్టి చూసే మనుషులు మా ఇంట్లో ఇద్దరుండేవాళ్ళు. ఆ అదృష్టానికి ఏ గ్రంథాలయమూ సాటి రాదు. గ్రంథాలయాన్నే నమ్ముకున్న మనిషిగా ఈ మాట చెబుతున్నాను.

పెండ్లి మరునాడు అవ్వ అరుగు మీద కూర్చొని అత్త దువ్వెనకు నూనె రాస్తోంది. ఆమెకు ఎప్పుడూ లేని పని అది. నన్ను పిలిచింది.

"ఆ పుస్తకంలో ఇంకా ఏమేముండాదే?"

"గొంగళ్ళు, బుట్టలు, గాజులు. సబ్బు చేయడం."

"సబ్బు ఇంట్లో చేస్తారా?"

"నేను ఇంకా చదవలేదు."

అవ్వ పండ్ల మధ్య పోగు లాగింది. "ఆడ కూర్చొని చదివితే వాడు మళ్ళీ గంట కొడతాడు. ఆ కాగితం యాడుండాది?"

నెలల తరబడి పలకపెట్టెలో దాచిన సభ్యత్వ కాగితం తెచ్చాను. ఇంటి పెద్ద సంతకం అన్నచోట నాన్న పేరు రాయమంటుందనుకున్నాను. అవ్వ ఆ మాటే వినలేదు. కాటుక డబ్బీ తెమ్మని, బొటనవేలు అందులో అద్ది, కాగితం మీద సన్నికల్లు మీద నొక్కినట్లు నొక్కింది. చేతికి నూనె ఉంది. కాటుక నిలవలేదు. ముద్ర పక్కకు పాకి, కాగితం వెనకవైపుకు కూడా దిగింది.

"పూర్తిగా చదువు" అంది. "సగంలో లేచినావంటే కాళ్ళు ఇరగ్గొడతా."

శనివారం గ్రంథాలయం ఆయన ఆ కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకొని చూశాడు. "ఇది వేలిముద్రనా, ఎణ్ణె మరకనా?" అని నూనె జిడ్డును చూపి అడిగాడు. మా అవ్వది అని చెప్పాను. ఆయన ఒకసారి నన్ను, ఒకసారి కాగితాన్ని చూసి, ఇంకేమీ అడగకుండా ముద్ర పక్కన తన సంతకం పెట్టాడు.